తాతది పొద్దుగాలనే అయిపోయింది

నవత వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. లోపమంతా దాన్ని తెలుగులో చెప్పడంలో వచ్చింది.

ఆ మంగళవారం ఆమె అనుకున్నది చాలా చిన్న విషయం. తాత బ్రహ్మచారికి బంధువులో, స్నేహితులో అయిన ఓ పదిమంది అల్వాల్‌లోని ఇంటికి రావాలి. ఒక్కొక్కరూ హాల్లో కుర్చీలో కూర్చుంటే ఆమె వాళ్ళ తలకు ఒక టోపీ తొడుగుతుంది. ఆ టోపీ నిండా చిన్న చిన్న బిళ్ళలు. మెదడులో పుట్టే సన్నటి కరెంటును అవి పట్టుకుని ల్యాప్‌టాప్ మీద గీతలుగా చూపిస్తాయి. చెవుల్లో ఒకసారి ముక్కూ మొహం తెలియని మనిషి గొంతు, ఒకసారి బాగా తెలిసిన మనిషి గొంతు వినిపించి, వయసు మళ్ళిన మెదడు ఏ గొంతుకు ఎలా లేచి కూర్చుంటుందో చూడాలి. నవత యూనివర్సిటీలో న్యూరోసైన్స్ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఇది ఆమె ప్రాజెక్టు. తెలియని గొంతు కాలేజీ క్యాంటీన్ మేనేజరుది, తెలిసిన గొంతు తాతది. ఇద్దరి చేతా "ఇగో, ఇటు జూడు" అన్న ఒక్క మాటే చెప్పించి రికార్డు చేసింది. అందుకే వచ్చేవాళ్ళు అరవై దాటినవాళ్ళే కాదు, బ్రహ్మచారిని ఏళ్ళ తరబడి ఎరిగినవాళ్ళు కూడా అయివుండాలి.

అలాంటివాళ్ళకు కొదవ లేదు. బ్రహ్మచారి అన్నది ఆయనకు పేరు మాత్రమే. భార్య విమలమ్మ, కొడుకు, కోడలు, ఈ మనవరాలు, తరతరాల వడ్రంగపు బలగం అంతా ఉన్నారు. కొదవంతా ధైర్యానికే. "మెదడు మిషను" అనగానే ఒకాయన "షాక్ గిట్ల కొడ్తదా?" అన్నాడు. ఇంకొకావిడ "కోడలి మీద నేననుకునేది సుత కనిపిస్తదా బిడ్డా?" అని అడిగి, జవాబు వినకుండానే మోకాళ్ళ నొప్పులు చెప్పి తప్పుకుంది. విడమరిచి చెబితే భయం పోతుందని నవత కుటుంబం గ్రూపులో ఇంగ్లీషులో చాంతాడంత సందేశం పెట్టింది. దానికి అందరూ దండం బొమ్మలు, గులాబీ పువ్వులు పంపారు. చదివినవాళ్ళు ఒక్కరూ లేరు.

మిషను ఇచ్చిన అనుపమ మేడం మాత్రం ఖరాఖండిగా చెప్పారు. "ఈ ఒక్కరోజే నవతా. సాయంత్రానికి బాక్స్ నా టేబుల్ మీద ఉండాలి, రేపట్నుంచి పీహెచ్‌డీ వాళ్ళది. మనుషులు దొరక్కపోతే ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు లేకపోతే ఈ ఏడు నీకు డిగ్రీ లేదు." ఆ మాట విన్నప్పటి నుంచి నవతకు అన్నం సయించడం లేదు. దానికి తోడు జలుబు చేసింది. ముక్కు కొళాయిలా కారుతోంది, గొంతు బొంగురుపోయింది.

తెల్లవారుతూనే మిషను పనిచేస్తోందో లేదో చూడటానికి తాతకు టోపీ తొడిగింది. ఆయన దివాన్ మీద కళ్ళు మూసుకుని పడుకున్నాడు, కాసేపటికి గుర్రు కూడా పెట్టాడు. గీతలు ముచ్చటగా వచ్చాయి. ఆయన లేచి తలకంటిన జెల్ కడుక్కుని, "పదిమందొస్తరు, కడుపుకింత పెట్టకుండ పంపుతమా?" అంటూ సంచీ తీసుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలకు బయలుదేరాడు. మార్కెట్లో జేబుదొంగలుంటారని ఫోను చార్జింగులోనే వదిలిపోయాడు.

నవత ముక్కు తుడుచుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఈసారి అందరికీ అర్థమయ్యేలా అచ్చమైన ఇంటి భాషలో గ్రూపుకు మాట పంపింది.

"అందరికి నమస్తే. నేను నవతను. తాతది పొద్దుగాలనే అయిపోయింది. ఏం తక్లీఫ్ కాలే, కండ్లు మూసుకొని పండుకున్నడు, గంతే. మీరందరు జెర జల్ది రండి. తలస్నానం చేసి రావాలె. నూనె పెట్టుకోవద్దు, పూలు పెట్టుకోవద్దు, బొట్టు గూడ వద్దు. గాజులు, కమ్మలు, గొలుసులు తీసేసి రండి. తాత గొంతు రికార్డు చేసి పెట్టిన, అందరికి వినిపిస్త. బాక్స్ సాయంత్రం దాకనే ఇచ్చిండ్రు, మల్ల వేరేటోళ్ళకు కావాల్నంట. మీరు గిట్ల రాకుంటే నా బతుకేమైతదో నాకే తెల్వదు..."

అక్కడ దగ్గు వచ్చి గొంతు పూడుకుపోయింది.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. జుట్టుకు నూనె ఉంటే బిళ్ళలు అతుక్కోవు. నుదుటి మీద రెండు బిళ్ళలు పెట్టాలి గనుక బొట్టు అడ్డం. ఒంటి మీద లోహమేదైనా ఉంటే గీతలు చెడిపోతాయి. బాక్స్ అంటే అనుపమ మేడం ఇచ్చిన నల్ల పెట్టె. కానీ మంగళవారం పూట తలస్నానం చేసి, బొట్టు తీసేసి, గాజులు తీసేసి రమ్మని ఏడుపు గొంతుతో ఒక పిల్ల పిలిస్తే దాన్ని ప్రాజెక్టు అనుకునే ఇల్లు సికింద్రాబాద్‌లో ఒక్కటీ లేదు. ఇక బాక్స్ అంటే శవాన్ని పెట్టే ఐసు పెట్టె తప్ప ఇంకొకటని ఎవరికీ తోచదు.

మౌలాలిలో ఆ మాట మొదట విన్నది బ్రహ్మచారి తమ్ముడు రాఘవేందర్. రైల్వేలో రిటైరైన ఆయన అన్నతో మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. కారణం ఒక తలుపు. తమ్ముడి కొత్తింటికి బ్రహ్మచారి స్వయంగా టేకు తలుపు చేసి బిగించాడు. గృహప్రవేశం నాడు రాఘవేందర్ నలుగురిలో "తలుపు జెర వంకరున్నది" అన్నాడు. "తలుపు సక్కగనే ఉన్నది, నీ గోడనే వంకర" అని బ్రహ్మచారి మూలమట్టం పెట్టి మరీ చూపించి, భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఆ తలుపు మూసుకోలేదు, ఈ అన్నదమ్ముల నోళ్ళు తెరుచుకోలేదు.

రాఘవేందర్ ఆ మాటను మళ్ళీ ఒకసారి విన్నాడు. తరువాత కళ్ళు తుడుచుకుని, రైల్వే అలవాటు కొద్దీ ఏర్పాట్లు షురూ చేశాడు. చుట్టాలందరికీ ఫోన్లు కొట్టాడు. అల్వాల్‌లో టెంటుహౌసు నడిపే కలీముల్లాకు కబురు చెప్పాడు. కలీముల్లా బ్రహ్మచారితో రోజూ పొద్దున నడిచే మనిషి. ఆయన నోటి వెంట ఆ సంగతి నడక స్నేహితులందరికీ పాకింది. నవత నాన్న భానుప్రకాశ్‌కు కూడా ఫోను వెళ్ళింది గానీ, ఆయన కరీంనగర్‌లో లెక్కల మాస్టారు, ఆ పూట పరీక్ష హాల్లో ఉన్నాడు. లేకపోతే కథ అక్కడే ఆగిపోయేది. అల్వాల్ ఇంటికి ఫోన్లు రాకపోలేదు. రికార్డింగుకు అడ్డమని నవత ఇంట్లో ఫోన్లన్నీ నోరు మూయించింది.

అప్పటికి ఆమె నానమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పని మొదలుపెట్టింది. విమలమ్మ మనవరాలు చెప్పినట్టే తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని, బొట్టు తీసేసి, బోసి చేతులతో కూర్చుంది. తల మీద టోపీ, చెవులకు హెడ్‌ఫోన్లు. కదలకూడదు, మాట్లాడకూడదు, తెర మీది చుక్కను రెప్ప వేయకుండా చూడాలి. ఏ పనైనా ఆవిడ శ్రద్ధగా చేస్తుంది. రెప్ప వేయకపోవడం వల్ల కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

గేటు చప్పుడైతే నవత బయటికి వచ్చింది. కలీముల్లా తలకు రుమాలు కట్టుకుని, ఆటోట్రాలీ నిండా కుర్చీలు, షామియానా గుడ్డలు వేసుకుని నిలబడ్డాడు. వచ్చేవాళ్ళకు నీడ కోసం తాతే చెప్పి ఉంటాడనుకుంది నవత.

"సబర్ చెయ్ బేటీ," అన్నాడాయన, ఓపిక పట్టమన్నట్టు ఆమె తల నిమిరి.

"సబర్ చేస్తున్న అంకుల్. కానీ సాయంత్రంకల్ల అంత అయిపోవాలె గద."

"అయితది. నేనున్న. బాక్స్ వచ్చిందా?"

"వచ్చింది. కరెంట్ పెట్టిన. పోయినా బ్యాటరీ ఉన్నది."

"ఏం జమానా వచ్చిందమ్మా," అని ఆయన నిట్టూర్చాడు. "మరి, ఎన్ని గంటలకు లేపుదాం?"

కుర్చీలోంచి నానమ్మను లేపడం గురించే అడుగుతున్నాడనుకుంది నవత. "ఇంకో అర్ధగంటకు లేపుత అంకుల్. ఇప్పుడే లేపితే మల్ల మొదటికెల్లి చేయాలె."

కలీముల్లా తలరుమాలు కొసతో నుదురు ఒత్తుకున్నాడు.

"నానమ్మది అయిపోంగనే మీదే," అంది నవత ఉత్సాహంగా.

"యా అల్లా!" అని ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. దుఃఖం పోరి దిమాగ్‌కు ఎక్కిందని ఆ క్షణంలోనే తీర్మానించుకుని, కుర్రాళ్ళను కేకేసి షామియానా కర్రలు పాతించడంలో మునిగిపోయాడు.

తరువాత జనం రావడం మొదలైంది. ముందు ఒక ఆటో, దాని వెనక రెండు, ఆ తరువాత అద్దె జీపు. తడి జుట్లతో, బోసి నుదుళ్ళతో, తెల్లచీరలతో ఆడవాళ్ళు దిగుతున్నారు. మగవాళ్ళు మౌనంగా వచ్చి షామియానా కింద కూర్చుంటున్నారు. నవతకు ఆనందం పట్టలేకుండా ఉంది. ఎంత బతిమాలినా రానివాళ్ళు ఒక్క పిలుపుకే కదిలివచ్చారు. ఒక్కరి తలలోనూ చుక్క నూనె లేదు. ఆమె ముక్కు ఎగబీల్చుకుంటూ ఎదురెళ్ళి, "వచ్చిండ్రా అమ్మమ్మా! ఇంతమందొస్తరనుకోలే, శాన సంతోషమైంది," అని నవ్వుతూ ఒక్కొక్కరి చేతులూ పట్టుకుంది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

మోకాళ్ళ నొప్పులావిడ హాల్లోకి వెళ్ళి విమలమ్మ ముందు కూలబడి, "ఎంత పనాయె వదినా!" అని శోకం అందుకుంది. హెడ్‌ఫోన్లు ఉన్న విమలమ్మకు వినపడలేదు. వినపడినా పలికేది కాదు, పిల్ల మాట్లాడొద్దంది. చుక్కనే చూస్తూ కన్నీరు కారుస్తూ కూర్చుంది. నవత పరుగున వచ్చి నోటి మీద వేలు పెట్టింది.

"ష్! ఏడవొద్దు అమ్మమ్మా. చప్పుడైతే నానమ్మకు ఖరాబైతది."

"తల మీద గదేందే?"

"మెదడు చూసే మిషిన్."

ఆ మాట షామియానా కిందికి చేరేసరికి, విమలమ్మకు షాక్ తగిలి మాట పడిపోయిందనీ, ఆస్పత్రివాళ్ళు వచ్చి మిషను పెట్టి పోయారనీ అయింది. పోయినాయన సంగతి తరువాత, ఉన్నావిడ దక్కుతుందా అని మగవాళ్ళు తలలు పట్టుకున్నారు.

అప్పుడు దిగాడు రాఘవేందర్, చేతిలో నిలువెత్తు బంతిపూల దండతో. ఎవరి వైపూ చూడకుండా నేరుగా హాల్లోకి వచ్చి నాలుగు మూలలా వెతికాడు.

"బాక్స్ ఏది బిడ్డా?"

చిన్నతాత కూడా వచ్చాడని నవతకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళ తరువాత ఆయన ఈ గడప తొక్కడమే గొప్ప. "అగో చిన్నతాతా, టేబుల్ కింద," అంది.

టేబుల్ కింద సూట్‌కేసంత నల్ల పెట్టె ఉంది. రాఘవేందర్ దాన్ని చూశాడు, నవతను చూశాడు, మళ్ళీ పెట్టెను చూశాడు.

"గంతేనా?"

"గంతే చిన్నతాతా. మొత్తం దాంట్లనే వచ్చింది."

పొద్దుగాలనే అయిపోయింది అన్న మాటకు అసలు అర్థం అప్పుడు తెలిసింది రాఘవేందర్‌కు. ప్రాణం పోవడమే కాదు, దహనం కూడా అయిపోయి అస్థికలే మిగిలాయి! తోడబుట్టిన తన కోసం కూడా ఆగలేదు. పెద్దమనిషి మోకాళ్ళ మీద కూలబడి, పూలదండను యూనివర్సిటీ వారి పెట్టెకు వేసి, దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"చిన్నతాతా, దానికి దండెందుకు?" అంది నవత. తడి జుట్లు, తెల్లచీరలు, షామియానా, దండ, అన్నీ ఒక్కసారిగా ఆమె కళ్ళ ముందు వరుసలో నిలబడ్డాయి. తను పంపిన మాట గుర్తొచ్చింది. "అయ్యో!" అనబోయింది గానీ గొంతులో గురగుర తప్ప శబ్దం రాలేదు.

"అన్నా!" అని ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు రాఘవేందర్. "నా కోసం జెర ఆగకపోతివి! తలుపు సక్కగనే ఉండె అన్నా! నువ్వు మూలమట్టం పెట్టిననాడే నాకెరుకైంది. గోడనే వంకర! నా నోరు వంకర!"

ఆ ఊపులో ఆయన మోచేతికి ఒక వైరు తగిలి ఊడివచ్చింది. అది విమలమ్మ హెడ్‌ఫోన్లది. వెంటనే ల్యాప్‌టాప్‌లోంచి బ్రహ్మచారి గొంతు హాలంతా మార్మోగింది.

"ఇగో, ఇటు జూడు!"

ఏడుపులన్నీ టక్కున ఆగిపోయాయి. మోకాళ్ళ నొప్పులావిడ ఎవరి సాయమూ లేకుండా ఒక్క గెంతులో లేచి నిలబడింది. జనం భయంతో పెట్టె వైపు చూసి, గోడల వైపు చూసి, చివరికి గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో బ్రహ్మచారి నిలబడి ఉన్నాడు.

ఆయన పరిస్థితీ బాగాలేదు. వీధి మొగలోంచి ఇంటి ముందు షామియానా చూడగానే ఆయన గుండె జారింది. తల నిండా వైర్లు పెట్టించుకోబోతున్న భార్యను ఇంట్లో వదిలి పోయాడు. షాక్ కొట్టదని మనవరాలు ఎంత చెప్పినా ఆయన లోపల్లోపల నమ్మలేదు. సంచీ వీధిలోనే వదిలేసి, వంకాయలు దొర్లిపోతున్నా చూడకుండా పరుగెత్తుకొచ్చాడు. షామియానా కింది కుర్చీలు తన్నుకుంటూ వస్తున్న ముసలాయన్ని శోకంలో ఉన్న జనమెవరూ పట్టించుకోలేదు.

"విమలా!" అని అరిచాడాయన. "నన్నొదిలి పోయినవా విమలా!"

విమలమ్మ హెడ్‌ఫోన్లు తీసి చిరాగ్గా ఇటు తిరిగింది. "ఏందయ్యా గాయిగాయి? పిల్ల కదలొద్దన్నది. ఇగ మల్ల మొదటికెల్లి కూసోవాలె." అప్పుడు హాలు నిండా ఉన్న జనాన్ని చూసింది. "గిదేంది, అందరు గిట్లొచ్చిండ్రు? ఎవరన్న పోయిండ్రా?"

సంగతి తేలడానికి ఎంతో సేపు పట్టలేదు. నవత ముక్కు చీదుకుంటూ, ఎక్కిళ్ళ మధ్య తప్పంతా చెప్పుకుంది. గ్రూపులో మాటను మళ్ళీ వినిపించారు. విన్నకొద్దీ ఎవరికీ తమ తప్పు కనిపించలేదు.

చచ్చిపోయాడనుకున్న మనిషి బతికి ఉంటే జనం సంతోషించాలి. సంతోషించారు కూడా, కానీ అది గుక్కెడు నీళ్ళు తాగేంత సేపే. ఆ తరువాత కోపం వచ్చింది. "మంగళవారం తలస్నానం చేపిస్తివి గదనే!" అంది ఒకావిడ. "నేను గాజులు ఊడకుంటె పగులగొట్టుకోబోయిన!" అంది ఇంకొకావిడ. ఒకాయన డ్యూటీకి సెలవు పెట్టాడు. కలీముల్లా కుర్రాళ్ళను పిలిచి కర్రలు పీకమన్నాడు. ఒక్కొక్కరే చెప్పుల కోసం వెతుక్కోసాగారు. నవత గోడకు చేరగిలబడి, ఈసారి జలుబుతో కాకుండా నిజంగానే ఏడ్చింది. ఇంతమంది వచ్చారు, ఇంతమందీ వెళ్ళిపోతున్నారు, పెట్టె సాయంత్రం ఖాళీగా తిరిగిపోతుంది. ఆమె చదివిన చదువంతా ఒక్క మాటతో మట్టి కొట్టుకుపోయినట్టే.

బ్రహ్మచారికి మనవరాలి ఏడుపు చూస్తే ప్రాణం విలవిల్లాడింది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నేను సచ్చిన్నంటే మౌలాలికెల్లి, ఏడికెల్లో ఉరికొచ్చిండ్రు. బతికున్ననంటే ఎల్లిపోతరా? సచ్చినోనికిచ్చిన ఇజ్జత్ బతికున్నోనికియ్యరా?"

చెప్పులు దొరికినవాళ్ళు వాటిని చేతుల్లోనే పట్టుకుని ఆగిపోయారు.

"తానాలు చేసిండ్రు. బొట్టు లేదు, నూనె లేదు, పూలు లేవు. పిల్ల అడిగినట్టె ఉన్నరు. ఇంత తయారై వచ్చి ఊకెనే పోతరా? కలీముల్లా, నీ కుర్చీలు తియ్యకు. విమలా, పొయ్యి ముట్టియ్యి. ఎవరన్న బయటికి పోయి నా వంకాయలేరుక రండి."

చావింటికని ఎవరూ పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వంకాయ పేరు వినగానే కొందరి కోపం చల్లబడింది. మోకాళ్ళ నొప్పులావిడ ముందుగా కుర్చీలో కూర్చుని, "కోడలి సంగతి కనిపించదు గద?" అని గట్టిగా అడిగి, ఒట్టు పెట్టించుకుని తల వంచింది. ఆమె తరువాత కలీముల్లా, "నానమ్మ తర్వాత నేనే అన్నవు గద బేటీ," అని నవ్వుకుంటూ వచ్చాడు. సాయంత్రందాకా ఆ టోపీ ఒక తల మీది నుంచి ఇంకో తల మీదికి మారుతూనే ఉంది. పదిమంది దొరికితే చాలనుకున్న నవతకు ఇక చాలని చెప్పి కొందరిని తిప్పి పంపవలసి వచ్చింది. వాళ్ళు అలిగారు.

చివరికి మిగిలింది రాఘవేందర్. అన్న బతికి ఉన్నాడని తెలిసినప్పటి నుంచి ఆయన మూలన కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

"తలుపు గురించి ఏమో అంటివి?" అన్నాడు బ్రహ్మచారి, తాపీగా.

"ఏమన్న? ఏమనలే."

"సక్కగనే ఉన్నదంటివి గద. అందరు విన్నరు."

"ఏడుపుల సవాలక్ష అంటం. ఉన్నమాట చెప్తున్న, జెర వంకరే." అని ఆయన లేచి వచ్చి, టోపీ తొడిగించుకుని, చుక్క వైపు చూస్తూ బిగుసుకుని కూర్చున్నాడు.

రాఘవేందర్ వంతు ముగిశాక నవత కంప్యూటరు చేత ఆయన గీతలన్నిటినీ కలిపించి సగటు తీసింది. క్యాంటీన్ మేనేజరు గొంతుకు గీత చదునుగా, ఏమీ పట్టనట్టు సాగిపోయింది. బ్రహ్మచారి గొంతుకు మాత్రం ఒక్కసారిగా కొండలా లేచింది. ఆ రోజు కూర్చున్న తలలన్నిటిలో, విమలమ్మతో సహా, అంత ఎత్తున లేచిన గీత ఇంకొకటి లేదు.

"ఏమొచ్చింది బిడ్డా?" అన్నాడు బ్రహ్మచారి.

"నీ గొంతు వినంగనే చిన్నతాత మెదడు లేచి నిలబడుతున్నది తాతా. నానమ్మకు సుత ఇంత రాలే."

బ్రహ్మచారి కండువాతో ఒకసారి మొహం తుడుచుకున్నాడు. రాఘవేందర్ తెర వైపు కాసేపు కళ్ళు చికిలించి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మిషినే జెర వంకరున్నట్టున్నది," అన్నాడు.

"మిషిన్ సక్కగనే ఉన్నది," అన్నాడు బ్రహ్మచారి, తమ్ముడి తల మీది టోపీని నెమ్మదిగా తీస్తూ. "పెట్టిన తలకాయనే వంకర."